మింగే కప్పు

పోయిన వారం మనం చిన్నవాణ్ణి రుచి గదిలో వదిలేసి వచ్చాం. లోపలి నుంచి గడియ పడింది. వేసింది వాళ్ళ అత్తగారు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. అది టీ ఆకు కలిపి అమ్మే ఇల్లు. కింద గోదాము, పైన రుచి గది. తెల్లటి కప్పులు వరసగా పెట్టి, ఒక్కో రకం ఆకు మరిగించి పోసి, చెంచాతో గట్టిగా జుర్రి, నాలుకంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేయడం అక్కడి పని. పగలంతా ఒక్క చుక్క గొంతు దిగకూడదు. పని ముగిశాక, ఆ రోజు గెలిచిన కప్పును మాత్రం ఇంటి పెద్ద మింగుతాడు. ఆయన మింగాడంటే ఆ రకం ఖాయం. ఇక మాట మార్చడానికి లేదు. దాన్ని మింగే కప్పు అంటారు.

చిన్నవాడి పెళ్ళాన్ని అందరూ పిచ్చుక అనేవారు. స్నేహితుల ఇంట్లో పార్టీకి వెళ్ళి, కొకైన్ అని తెచ్చిన తెల్లపొడి పీల్చి, మర్నాడు లేవలేదు. పిచ్చుక తల్లిని ఊరు మత్తమ్మ అంటుంది. ఆవిడ మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీద మనిషిని నిద్రపుచ్చడం, పని అయ్యాక లేపడం ఆవిడ వృత్తి. కూతురు ఆఖరిసారి పంపిన మెసేజ్ ఆవిడ ఫోనులో ఇంకా ఉంది. "భయపడకమ్మా. శుభ్రమైనదే. నాలుక చెప్పింది."

ఆ నాలుకను వెతుక్కుంటూనే ఆవిడ ఇవాళ వచ్చింది. పెద్దాయన సరుకు చూడ్డానికి రేవుకి వెళ్ళిన సమయం చూసుకుని వచ్చింది. చిన్నవాడు పైకి వచ్చేసరికి మధ్యాహ్నం పని కోసం పోసి ఉంచిన కప్పులు బల్ల మీద వరసగా ఉన్నాయి. మెట్ల మీద మూట దించుతున్న హమాలీ ఒకసారి తల పైకెత్తి, ముక్కు ఎగబీల్చి, ఏమిటో అనుకుంటూ దిగిపోయాడు. చిన్నవాడు దాన్ని పట్టించుకోలేదు.

"కూర్చోండి అల్లుడుగారూ," అంది మత్తమ్మ. కూతురు పోయాక కూడా ఆవిడ మర్యాద తప్పలేదు. ఆ మర్యాదే అతనికి చలి పుట్టిస్తోంది.

"అత్తయ్యగారూ, నాన్న వచ్చే వేళయింది. మనం బయటికి వెళ్ళి ఎక్కడైనా మాట్లాడుకుందాం."

"ఎందుకు? మీకు మాటలు బాగా వచ్చే గది ఇదేనట కదా. ఒక చుక్క నోట్లో పడితే చాలు, ఆకు ఏ కొండ మీద పెరిగిందో, ఏ నెలలో కోశారో చెబుతారట. ముందు, నడుమ, వెనక అని మూడు ముక్కలుగా చెబుతారట. నాక్కూడా అలాగే చెప్పండి. నా కూతురు ఏమేం తీసుకుందో, ఏది ఎలా ఉండేదో."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ?"

"ముప్పై ఏళ్ళుగా మత్తు ఇస్తున్నాను. ఇచ్చిన ప్రతివాణ్ణీ లేపాక అడుగుతాను, ఎలా ఉందండీ అని. ఏమీ తెలీలేదండీ అంటారు. ఒక్కడూ చెప్పిన పాపాన పోలేదు. మీరు తెలిసినవారు. చెప్పండి. గంజాయి నుంచి మొదలుపెట్టండి, పిల్లలు అక్కణ్ణుంచే కదా మొదలుపెడతారు."

చిన్నవాడు తలుపు వైపు చూశాడు. గడియ ముందు ఆవిడ కుర్చీ ఉంది. కుర్చీలో ఆవిడ ఉంది. చెప్పేస్తే వెళ్ళిపోతుందేమోనన్న ఆశతో నోరు విప్పాడు.

"గంజాయికి ముందు ఏమీ ఉండదు. మోసపోయామనుకుంటాం. నడుమ మెత్తగా ఉంటుంది. గోడ గడియారానికి ఎవరో నూనె రాసినట్టు కాలం చప్పుడు లేకుండా జారుతుంది. ఊరికే నవ్వొస్తుంది. వెనక ఆకలి. ఏం మాట్లాడుతున్నామో మధ్యలో మర్చిపోతాం."

"కొందరికి ఆ నడుమ అయిపోదు, అది చెప్పలేదేం? మా ఆస్పత్రి పై అంతస్తులో ఒక పిల్ల ఉంది. ఏడాది నుంచి గోడతో తగువాడుతోంది. అందరికీ కాదు. ఎవరికి అలా అవుతుందో ముందు తెలీదు, అంతే. సరే, తరవాత?"

"మాత్ర. పార్టీల్లో ఇచ్చేది." అతని గొంతు కొంచెం మారింది. "దానికి ముందు వికారం, వణుకు. నడుమ... గదిలో ఉన్న ప్రతివాడూ మనవాడే అనిపిస్తుంది. పరాయివాడి చెయ్యి పట్టుకుని ఏడవాలనిపిస్తుంది. దవడలు బిగుసుకుంటాయి, అయినా మాట్లాడుతూనే ఉంటాం. వెనక మాత్రం ఘోరం. రెండు మూడు రోజులు లోకమంతా బూడిద."

"ఒళ్ళు కాగిపోతుంది. నీళ్ళు తాగకపోతే ప్రమాదం, భయపడి బిందెలకొద్దీ తాగితే ఇంకో ప్రమాదం. అందులో ఏం కలిపారో చేసినవాడికే తెలియాలి. పిచ్చుకకి అది ఎలా ఉండేది?"

"వద్దులెండి."

"చెప్పండి."

"మీరడిగారు కాబట్టి చెబుతున్నాను." అతనికి కూడా కోపం వచ్చింది. నొప్పించగలిగినది చేతికి దొరికితే మనిషి ఊరుకోడు. "మొదటిసారి అది వేసుకున్నప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకుని, 'ఇవాళ మా అమ్మ మీద కోపం పోయింది' అంది. మర్నాడు మళ్ళీ వచ్చేసిందనుకోండి. ఆ కోపం పోగొట్టుకోవడానికే మళ్ళీ మళ్ళీ వేసుకునేది. దానికి కారణం నేను కాదు."

మత్తమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. రోగి గుండె కొట్టుకోవడం ఆగిన క్షణంలో కూడా ఆ ముఖం అలాగే ఉంటుందని నర్సులు చెప్పుకుంటారు.

"బాగుంది. కానివ్వండి."

"కాగితం. నాలుక మీద పెట్టుకునే చిన్న ముక్క. దానికి ముందూ వెనకా అనేవి ఉండవు, అంతా నడుమే. గోడలు ఊపిరి పీలుస్తాయి. రంగులు వినిపిస్తాయి. మనసు బాగుంటే స్వర్గం. బాగోకపోతే తలుపు దొరకదు. పిచ్చుకకి ఒకసారి తలుపు దొరకలేదు. వచ్చినవాళ్ళందరూ మూతికి గుడ్డ కట్టుకుని మీలాగే కనబడ్డారట. తెల్లవార్లూ మంచం కింద దాక్కుంది."

"దానివల్ల ఒంటికి జరిగేది తక్కువ. ఎగరగలననుకుని మేడ దూకితే తప్ప. ఆ తరవాత?"

"తరవాతది మీదే, అత్తయ్యగారూ."

"నాదా?"

"కెటమిన్. మీరు సూదిలో ఇచ్చేదే. బయట పొడిగా దొరుకుతుంది. ముందు కాళ్ళు పోతాయి. నడుమ మనిషే పోతాడు. పైకప్పుకి అతుక్కుని, కింద పడి ఉన్న మన ఒంటిని మనమే చూస్తూ ఉంటాం. అది మనదన్న ఆలోచన కూడా ఉండదు. పిచ్చుక తిరిగొచ్చాక ఒక్కటే అడిగింది. 'మా అమ్మ రోజూ జనాన్ని ఇక్కడికే పంపిస్తుందా? ఇంత ఒంటరిగానా?'"

ఈసారి మత్తమ్మ కిటికీ వైపు తిరిగింది. కింద వీధిలో ఎవరో బండికి మూటలు కట్టుకుంటూ తిట్టుకుంటున్నారు.

"ఒంటరిగా కాదు," అంది చివరికి. "ఆ మాట దానికి చెప్పాల్సింది. నేను తల దగ్గరే కూర్చుంటాను. కడుపు కోసేవాడు కడుపు చూసుకుంటాడు, నేను ఊపిరి చూసుకుంటాను. మత్తు ఇవ్వడం ఏ వెధవకైనా చేతనవుతుంది అల్లుడుగారూ. లేపడమే పని." మళ్ళీ ఇటు తిరిగింది. "మీరు మందు సంగతి చెప్పలేదు. సీసా మందు."

"అది లెక్కలోకి రాదు కదండీ."

"నేను గొంతులో గొట్టాలు ఎక్కువ దించింది దానివల్లే. దుకాణంలో దొరుకుతుంది కాబట్టి మీ లెక్కలోకి రాదు. పోనివ్వండి. ఇక తెల్లపొడి."

చిన్నవాడు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తాగకుండానే మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"దానికి ముందు చేదు. నాలుక మొద్దుబారుతుంది. నడుమ నా అంతవాడు లేడనిపిస్తుంది. నేనేం మాట్లాడినా తెలివిగా ఉంటుంది. అదీ కాసేపే. వెనక ఇంకొంచెం కావాలి. వెనక ఇంకేమీ ఉండదు, ఇంకొంచెం కావాలి అన్నదే."

"గుండెను చావగొట్టి పరుగెత్తిస్తుంది. పాతికేళ్ళవాడికి అరవై ఏళ్ళవాడి గుండెపోటు తెస్తుంది. ఆ రాత్రి నా కూతురు నేల మీద పడి ఉంటే మీరెక్కడున్నారు?"

"వంటింట్లో."

"ఏం చేస్తున్నారు?"

"మాట్లాడుతున్నాను."

"ఎవరితో?"

"అందరితో. నా గురించి." తల దించుకున్నాడు. "ఆ పొడి అలా మాట్లాడిస్తుంది అత్తయ్యగారూ. నేనూ అందులోంచే తీసుకున్నాను. నాకేమీ కాలేదు. దానికెందుకు అయ్యిందో నాకు ఇప్పటికీ..."

"మీరు ఆకు కలిపేవాళ్ళు, మీకు తెలియకపోతే ఎలా? సరిగ్గా కలపని పెట్టెలో ఒక చెంచాకి ఇంకో చెంచాకి పోలిక ఉంటుందా?" ఆవిడ ముందుకి వంగింది. "తెల్లపొడి ఒక్కటే అయితే నా కూతురు ఆ వేళ చచ్చిపోయేది కాదు. ఆ పొడిలో ఫెంటనిల్ పడింది. రోజూ పొద్దున్నే నా చేత్తో నేను సూదిలోకి లాగే మందే. కంటికి ఆనని రవ్వ ఎక్కువైతే మనిషి ఊపిరి తీసుకోవడం మర్చిపోతాడు. నొప్పి ఉండదు. భయం ఉండదు. మర్చిపోవడమే. పక్కనున్నవాడు కుదిపి, ఊపిరి అందిస్తూ, అంబులెన్సుకి కబురుపెట్టి ఉంటే బతికేది. నా ఉద్యోగమంతా అదే కదా, పక్కన కూర్చుని గుర్తుచేయడం. దాని పక్కన ఎవరూ లేరు. వంటింట్లో మీ గొప్పలు వింటున్నారు."

చిన్నవాడు ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తింది.

"అయినా అది భయపడకుండా పీల్చింది. ఎందుకంటే నాలుక చెప్పింది. శుభ్రమైనదేనని. ఫెంటనిల్‌ని పట్టే నాలుక భూమ్మీద లేదు అల్లుడుగారూ. రుచి తెలిసేంత ఉంటే, తెలుసుకున్నానని చెప్పడానికి మనిషి మిగలడు. సరే, మీ నాలుక ఎంతటిదో నేనూ చూస్తాను. రోజూ చేసే పనే. ఈ కప్పులు రుచి చూడండి."

"ఇప్పుడా?"

"చూసి, మింగే కప్పు ఏదో చెప్పండి. చెప్పారంటే వెళ్ళిపోతాను."

అతను కప్పుల వైపు చూశాడు. తల్లులు ఏం చేయగలరో అతనికి కొంత తెలుసు.

"ఏమైనా కలిపారా వీటిలో?"

"నాలుక ఉందిగా. అదే చెబుతుంది."

చెంచా తీసుకున్నాడు. మొదటి కప్పు జుర్రాడు, ఉమ్మాడు. రెండోది. ఒక్కో చుక్కా నోట్లో తిరుగుతున్నప్పుడు అతని కళ్ళు కప్పు మీద లేవు, ఆవిడ ముఖం మీదే ఉన్నాయి. ముఖం చూసి రుచి చెప్పడం అతనికి ఏడాదిగా అలవాటు. కానీ ఇది మత్తమ్మ ముఖం. అందులో చదవడానికి ఏమీ లేదు. ఆఖరి కప్పు కూడా ఉమ్మేసి, కాసేపు ఆలోచించినట్టు నటించి, మధ్యలో ఉన్న ఒక కప్పును ముందుకి జరిపాడు.

"ఇది. ఒళ్ళున్న టీ, నోరంతా నిండుతుంది. వెనక కొంచెం చురుకుంది. శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా ఉందా?"

"ఉంది."

మత్తమ్మ లేచింది. చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి, ఆ కప్పు పక్కన పెట్టింది. సీసా ఖాళీగా ఉంది. కేకుల్లో వేసే వెనిల్లా ఎసెన్సు.

"సీసాడు పోశాను ఇందులో. గదంతా అదే వాసన. మెట్ల మీద మూటలు దించేవాడు కూడా ముక్కు ఎగబీల్చాడు. నువ్వు వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఇంతసేపు ఆ వాసనలోనే ఊపిరి పీల్చావు. నీకేమీ తెలీలేదు."

మీరు నువ్వు అయిపోయింది. ఆ ఒక్క మాట తేడా చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"ముక్కు పోయాక నాలుకకి మిగిలేది తీపీ, చేదూ, ఉప్పూ, పులుపే. టీ రుచంతా ముక్కులో ఉంటుంది. నీ ముక్కును ఆ తెల్లపొడి ఎప్పుడో తినేసింది. చచ్చిన నాలుక పెట్టుకుని నా కూతురికి హామీ ఇచ్చావురా నువ్వు! ఎన్నాళ్ళయింది?"

"ఏడాది దాటింది." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాన్నకి చెప్పకండి. కాళ్ళు పట్టుకుంటాను. ఏం కావాలంటే అది చేస్తాను, పోలీసుల దగ్గరికి రమ్మంటే వస్తాను, నేనే తెచ్చానని రాసిస్తాను. నాన్నని మాత్రం ఇందులోకి లాగకండి."

"అబ్బో, ఇంతసేపట్లో ఇప్పుడొచ్చాయి నీకు కన్నీళ్ళు. నా కూతురి కోసం కాదు, నాన్న కోసం. ఆయన ముందే చెప్పిస్తాను. శుభ్రంగా ఉందన్న నాలుక నాదేనని నీ నోటితో ఆయనకి చెప్పాలి. ఇక ఈ జన్మలో ఈ గదిలో చెంచా పట్టకూడదు నువ్వు."

అతను ఆవిడనే చూస్తూ ఉండిపోయాడు. తప్పు ఒప్పుకునేవాడి చూపులా లేదది, దేన్నో చీర కొంగు కింద దాస్తున్న ఆడమనిషి చూపులా ఉంది. మత్తమ్మకి అది అర్థం కాలేదు.

అప్పుడే కింద గోదాము తలుపు బరబరా చప్పుడు చేసింది. మెట్ల మొదట్లోంచి హమాలీ గొంతు వినబడింది.

"చిన్నబాబూ! నాలుకగారు వచ్చేశారు, పైకి వస్తున్నారు!"

తలుపు తీయబోయిన మత్తమ్మ చెయ్యి గడియ మీద ఆగిపోయింది.

"ఎవరొచ్చారన్నాడు?"

చిన్నవాడు తలుపు వైపే చూస్తున్నాడు.

"నాలుకగారు అన్నాడు. నిన్ను చిన్నబాబు అన్నాడు. ఇంతసేపటి నుంచీ నేను నాలుక నాలుక అంటుంటే నువ్వెందుకు ఊరుకున్నావు?"

"అత్తయ్యా..." 'గారు' ఊడిపోయింది. "ఈ ఇంట్లో నాలుక అంటే నేను కాదత్తయ్యా."

మెట్ల మీద చేతికర్ర చప్పుడు నిదానంగా పైకి వస్తోంది. అతను గబగబా, గుసగుసగా చెప్పాడు.

"నా నాలుక పోయిందని పిచ్చుకకి తెలుసు. నేను చెప్తే నమ్మేది కాదు. అందుకని పార్టీకి వెళ్ళేముందు చిటికెడు సాసర్లో వేసి నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. కషాయాల కంపెనీవాళ్ళ సాంపిల్ నాన్నా, కల్తీ ఉందేమో చూడండి అన్నాను. వేలు అద్దుకుని, నాలిక్కి రాసుకుని, ఉమ్మేసి, శుభ్రంగా ఉందన్నాడు. పిచ్చుక గుమ్మంలో నిలబడి వింది. ఆయన మాట మీద ఊళ్ళో వ్యాపారమే నడుస్తుంది. దానికేం తెలుసు? ఆయనకేం తెలుసు? ఆ పొడేమిటో ఇప్పటికీ ఆయనకి తెలీదు. తెలిస్తే బతకడు."

మత్తమ్మ గడియ తీసింది. తీయక ఏం చేస్తుంది?

పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా మీద ఆకు ధూళి. వియ్యపురాలిని చూసి ముఖమంతా నవ్వయింది.

"చెల్లెమ్మా! ఎన్నాళ్ళకి! మా పిచ్చుక పోయాక ఈ గుమ్మం మర్చిపోయారనుకున్నాను." కళ్ళు తుడుచుకున్నాడు. "కూర్చోండమ్మా, నించున్నారేం? ఏరా, పని అయిందా? మింగే కప్పు ఏది?"

గది నిండా వెనిల్లా. ఆ వాసన పరదాలకి పట్టింది, బల్లకి పట్టింది, మత్తమ్మ చీరకి పట్టింది. ఈ గదిలోకి రావాలంటే తలకి నూనె కూడా రాసుకోకూడదని ఆంక్ష పెట్టిన మనిషి ఆయన. మత్తమ్మ ఆయన ముక్కు వైపు చూసింది. అది కదల్లేదు.

పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చాడు. కొడుకు ముందుకి జరిపి ఉంచిన కప్పు చూశాడు. తరవాత కొడుకు ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు, అక్కడేదో చిన్న అక్షరాల్లో రాసి ఉన్నట్టు. మత్తమ్మ ఆ చూపు గుర్తుపట్టింది. ఇందాక తన ముఖం మీద తిరిగిన చూపే అది. తండ్రి కొడుకు ముఖం చూసి చెబుతున్నాడు, కొడుకు తండ్రి ముఖం చూసి చెబుతున్నాడు. ఎన్నాళ్ళుగానో ఈ ఇంట్లో టీ రుచి చూసినవాడు లేడు.

"నాన్నా, అది వద్దు..." అన్నాడు చిన్నవాడు.

ఆయన అప్పటికే కప్పు ఎత్తాడు. జుర్రలేదు, ఉమ్మలేదు. పద్ధతి ప్రకారం మూడు గుక్కల్లో మింగేశాడు. కప్పు బోర్లించి, పెదాలు తుడుచుకున్నాడు.

"ఒళ్ళుంది. వెనక చురుకుంది. శుభ్రంగా ఉందిరా. ఇదే ఖాయం."

మత్తమ్మ చేతిలో ఫోను ఉంది. ఎప్పుడు తీసిందో ఆవిడకే తెలీదు. చిన్నవాడు తండ్రి వెనక నిలబడి, రెండు చేతులూ జోడించి, వద్దని తల ఊపుతున్నాడు.

ఫోనులో వెలుగుతున్న పిచ్చుక ఫొటో చూసి పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మా పిచ్చుకదా అది? దాని మెసేజా?" ఆశగా దగ్గరికి వచ్చి వంగాడు. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. చివరి మాట దగ్గర ఆయన ముఖం వెలిగింది.

"నాలుక చెప్పింది అని రాసిందే! అంటే నా గురించే కదూ? చూశావురా, పోతూ పోతూ కూడా నన్నే తలుచుకుంది తల్లి. ఏం చెప్పానమ్మా నేను? దేని గురించి?"

మత్తమ్మ ఎప్పట్లాగే మనిషి తలాపున నిలబడి ఉంది. జీవితంలో మొదటిసారి, లేపాలో వద్దో ఆవిడకి తెలియలేదు.

"చెప్పండి చెల్లెమ్మా," అన్నాడు పెద్దాయన నవ్వుతూ.